కంభం చెరువు దాకా సైకిలు: మోకాళ్ళ మాట, మంచినీళ్ళ మాట

"యాభై దాటాక సైకిలేమిటండీ, మోకాళ్ళు అరిగిపోవూ?"

మార్కాపురం మాస్టారొకాయన అడిగిన ప్రశ్న ఇది. ఆయనకి 52 ఏళ్ళు. ఏడాదిగా చక్కెర జబ్బు. రోజూ నడవమని డాక్టరు చెప్పాడు. నాలుగు రోజులు నడిచి, విసుగొచ్చి మానేశారు. ఇంతలో పండక్కి వచ్చిన కొడుకు ఒక గేరు సైకిలు తెచ్చి, "నాన్నా, నువ్వు చిన్నప్పుడు కంభం చెరువుకి సైకిలు మీద పోయేవాడినని చెబుతుండేవాడివి కదా, మళ్ళీ వెళ్ళు" అని వరండాలో పెట్టి పోయాడు. ఆ సైకిలు ఇప్పుడు తడికండువాలు ఆరేసుకోవటానికి బాగా పనికొస్తోంది. ఆవిడగారేమో, "ఈ వయసులో అడవులవెంట సైకిలు తొక్కుతారా, పడితే ఎవరు లేపుతారు" అంటోంది.

మీలో చాలామంది ఇళ్ళలో ఇలాంటి సైకిలు ఒకటి ఉండే ఉంటుంది. అంచేత మాస్టారికి చెప్పిన సంగతులే మీకూ చెబుతున్నాను.

మొదట మోకాళ్ళ మాట. సైకిలు తొక్కితే మోకాళ్ళు అరగవు. నడిచేటప్పుడు మన బరువంతా కాళ్ళే మోయాలి. సైకిలు మీద ఆ బరువులో చాలా భాగం సీటు మోస్తుంది. అందుకే మోకాళ్ళు కొద్దిగా అరిగినవాళ్ళకి కూడా డాక్టర్లు సైకిలు తొక్కమనే చెబుతారు. అయితే సైకిలు తొక్కి మోకాలి నొప్పి తెచ్చుకునేవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. చాలామందికి తప్పు సైకిలుది కాదు, సీటుది. మన ఊళ్ళలో ఆగినప్పుడు రెండు పాదాలూ నేలకి చక్కగా ఆనాలని సీటు బాగా కిందికి దించేస్తారు. అప్పుడు మోకాలు ఎప్పుడూ ముడుచుకునే ఉంటుంది, తొక్కిన ప్రతిసారీ మోకాలిచిప్ప వెనక ఒత్తిడి పడుతుంది.

గోడ పట్టుకుని సైకిలెక్కి కూర్చోండి. పెడలు పూర్తిగా కిందికి వచ్చినప్పుడు దానిమీద మడమ ఆనించండి. కాలు తిన్నగా సాగాలి. సీటు ఆ ఎత్తులో బిగించండి. తొక్కేటప్పుడు మాత్రం మడమతో కాదు, బొటనవేలి మొదట్లో ఉండే పాదం ఉబ్బుతో తొక్కాలి. అప్పుడు మోకాలు కొంచెమే వంగుతుంది. ఆ కొంచెం వంపే కావలసింది. మోకాలికి ముందువైపు నొప్పి వస్తే సీటు కిందికి ఉన్నట్టు, వెనకవైపు నరం పట్టినట్టుంటే సీటు మరీ ఎత్తయినట్టు అనుకోండి. అర అంగుళం మార్చి చూడండి. గేర్లున్న సైకిలయితే బరువు గేరులో బలమంతా పెట్టి తొక్కటం మగతనమేమీ కాదు. తేలిక గేరులో చకచకా తొక్కండి. గేర్లు లేని మామూలు సైకిలయితే ఎత్తు రాగానే దిగి నెట్టుకు వెళ్ళండి. మన తాతలు చేసిందదే, వాళ్ళ మోకాళ్ళు మనకన్నా బాగానే ఉన్నాయి.

అరగంట తొక్కగానే చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతాయని కొందరంటారు. హాండిల్ మీద బరువు వేసి వాలటం వల్ల అరచేతి అంచున ఉన్న నరం నలుగుతుంది. మోచేతులు కొంచెం వదులుగా ఉంచండి, చేతులు మార్చి మార్చి పట్టుకోండి. మగవాళ్ళకి సీటు దగ్గర తిమ్మిరి వస్తే దాన్ని సిగ్గుపడి దాచుకోవద్దు. పది పదిహేను నిమిషాలకొకసారి పెడళ్ళ మీద లేచి నిలబడండి. సీటు ముక్కు పైకి లేచి ఉంటే సమం చెయ్యండి. అప్పటికీ పోకపోతే సీటు మార్చాలి, అంతే.

ఎంత తొక్కాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహా ప్రకారం పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓమాదిరి వ్యాయామం చాలు. అంటే వారానికి ఐదు రోజులు, రోజుకి అరగంట తొక్కినా లెక్క సరిపోతుంది. ఓమాదిరి అంటే ఎంత? పక్కవాడితో మాట్లాడగలగాలి, పాట పాడటానికి మాత్రం ఊపిరి చాలకూడదు. పాట వస్తుంటే ఇంకాస్త జోరుగా తొక్కండి. మాట కూడా రాకపోతే తగ్గించండి. కూర్చుని చేసే ఉద్యోగానికీ గుండెకీ పడదన్న సంగతి కొత్తది కాదు. లండన్ బస్సుల్లో రోజంతా కూర్చునే డ్రైవర్లకి గుండె జబ్బులు ఎక్కువనీ, మెట్లెక్కి దిగుతూ టిక్కెట్లు కొట్టే కండక్టర్లకి తక్కువనీ జెరెమీ మోరిస్ అనే డాక్టరు 1953లోనే ప్రకటించాడు. మన మాస్టార్లు, గుమాస్తాలు, కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చునేవారు అందరూ ఆ డ్రైవర్ల జాబితాలోనివారే.

ఇక దారుల సంగతి. మార్కాపురం వాళ్ళు అదృష్టవంతులు. పడమటివైపు నల్లమల, దాని ఒడిలోంచి దిగివచ్చే గుండ్లకమ్మ, ఆ ఏటికి అడ్డంగా కట్టిన కంభం చెరువు. తర్లుపాడు మీదుగా కంభం సుమారు పాతిక ముప్పై కిలోమీటర్లు. పెద్ద కొండలెక్కే పని లేదు, చిన్న చిన్న మిట్టపల్లాలే. అయినా మొదటిరోజే కంభం పోవద్దు. మొదటి రెండు వారాలు ఊరి పొలిమేర దాకా పోయి రండి. తరవాత తర్లుపాడు. ఆరేడు వారాలకి కంభం. కంభంలోనూ రైలు స్టేషనుంది, గుంటూరు నంద్యాల లైనే. అలిసిపోతే తిరుగు ప్రయాణం రైల్లో చేయవచ్చు. సైకిలుని రైల్లో వేసుకురావటం వీలవుతుందేమో ముందే స్టేషనులో అడిగి ఉంచుకోండి.

ఊరు దాటేటప్పుడు ఒక జాగ్రత్త. మార్కాపురం అంటే పలకలు. మన తరం వాళ్ళంతా అక్షరాలు దిద్దింది ఆ రాతిమీదే. కాని ఆ రాయి కోసేటప్పుడు లేచే సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. సైకిలు తొక్కేవాడు మామూలు మనిషికన్నా లోతుగా గాలి పీలుస్తాడు. కనక పలకల ఫ్యాక్టరీల పక్క రోడ్డు మీద పోయేవారు మిషన్లు మొదలుకాకముందు, తెల్లవారుజామునే దాటెయ్యండి. దారిన పోయేవాడికి ఇది చిన్న సంగతి. రోజంతా ఆ దుమ్ములో కూర్చుని పనిచేసేవాడి సంగతి చిన్నది కాదు. దానికి వేరే వ్యాసమే రాయాలి.

కంభం చెరువు గురించి రెండు మాటలు. గజపతుల ఆడపడుచు, కృష్ణదేవరాయల దేవేరి వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. రెండు కొండల మధ్య సందుని కట్టతో మూసి ఏటిని ఆపారు. అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ 2020లో దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. వానలు బాగా పడిన ఏడు కట్టమీద నిలబడితే కనుచూపు మేర నీళ్ళే. వానలు మొహం చాటేసిన ఏడు బీళ్ళే. చెమటలు కారుతూ వచ్చినవాళ్ళకి ఆ నీళ్ళు చూడగానే దూకాలనిపిస్తుంది. వద్దు. అలిసిన కాళ్ళకి నీళ్ళలో పిక్కలు పట్టేస్తే గజ ఈతగాడైనా మునుగుతాడు. ఒడ్డున కూర్చుని చెమట ఆరనివ్వండి, మొహం కడుక్కోండి, చాలు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. సైకిలు మీద పోయేవాడు మామూలు రోజుకన్నా రెండింతలు నీళ్ళు తాగుతాడు. మరి ఏ నీళ్ళు?

ఈ ప్రాంతం నీటిలో ఫ్లోరైడ్ ఉందని అందరికీ తెలుసు, తెలిసీ మరిచిపోతాం. మన దేశంలో ఈ జబ్బుని డాక్టర్లు మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోవే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డాకే ఇటు వచ్చాయి. డాక్టర్లకన్నా ముందు రైతులే కనిపెట్టారట: వయసులో ఉన్న ఎద్దులు కాళ్ళు బిగుసుకుపోయి కాడి మొయ్యలేకపోతున్నాయని. ఎద్దుకి వచ్చింది మనిషికి రాదా?

లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది. 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగటానికి పనికిరాదు. ఇది రుచిలో తెలియదు, రంగులో తెలియదు, వాసన రాదు. నీళ్ళు చప్పగా ఉంటే మంచివి, ఉప్పగా ఉంటే చెడ్డవి అనుకోవటం పొరపాటు. చాలామంది చేసే ఇంకో పొరపాటు, కాచి తాగితే పోతుందనుకోవటం. కాస్తే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్ చావదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు పెరుగుతుంది కూడా. ఉన్నదో లేదో తెలియాలంటే నీటిని పరీక్ష చేయించటం ఒక్కటే దారి. పటికా సున్నమూ కలిపి తేర్చే నల్గొండ పద్ధతి మన దేశంలో కనిపెట్టినదే, ఇప్పుడు ఆర్.ఓ. మిషన్లు వచ్చాయి. ఏదైనా సరే, మీ ఇంటి నీళ్ళ లెక్క మీకు తెలిసి ఉండాలి.

ఒకపూట దారిలో బోరు నీళ్ళు తాగితే కొంప మునగదు. ఎండలో దాహంతో పడిపోవటంకన్నా బోరునీళ్ళు తాగటమే నయం. ఏళ్ళ తరబడి తాగితేనే ప్రమాదం. కాబట్టి రోజూ సైకిలు తొక్కేవారు పరీక్ష చేసిన నీళ్ళే రెండు సీసాలు నింపి తీసుకువెళ్ళండి.

ఎందుకింత చెబుతున్నానంటే, మాస్టారు చెప్పిన ఇంకో మాట నన్ను ఆలోచనలో పడేసింది. పొద్దున లేవగానే నడుము కర్రలా ఉంటుందట. మెడ వంగదట. "పోయిన నెల రెండు రోజులు సైకిలు తొక్కాను, దాని మూలానే" అన్నారు. గడ్డం ఛాతీకి ఆనించమన్నాను. ఆనలేదు. మోకాళ్ళు వంచకుండా కాలి వేళ్ళు ముట్టుకోమన్నాను. మోకాళ్ళ దాకా పోయి ఆగారు. రెండు చేతులూ తలవెనక్కి చేర్చమంటే భుజాలు కదల్లేదు. రెండు రోజుల సైకిలు ఇంత పని చెయ్యదు. పాతికేళ్ళుగా పెరట్లో బోరునీళ్ళే తాగుతున్నారని అడిగితే తెలిసింది. నీళ్ళూ, మూత్రమూ పరీక్షకి పంపించాం, ఎక్సురే తీయించాం. అనుమానం నిజమే అయింది. ముదిరితే వెన్నెముక బిగుసుకుపోయే జబ్బు ఇది, తిరిగి మామూలు మనిషిని చేసే మందు లేదు. ఆయనకి ఇంకా ముదరలేదు. నీళ్ళు మార్చారు. పాలు, పెరుగు, ఆకుకూరలు, ఉసిరికాయ పెంచమన్నాను. రోజుకి ఆరేడు కప్పుల డికాషన్ టీ తగ్గించమన్నాను. టీ ఆకులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది.

మీరు కూడా ఆ మూడు పనులూ ఇప్పుడే చేసి చూడండి. చెయ్యలేకపోతే ఫ్లోరైడ్ జబ్బేనని భయపడకండి, బిగుతుకి వేరే కారణాలు బోలెడున్నాయి. కాని ఈ ప్రాంతంలో ఉన్నవారు వయసు మీద పడిందనో వాతమనో సరిపెట్టుకోకుండా ఒకసారి నీళ్ళు పరీక్ష చేయించండి. ఇంట్లో పిల్లల పళ్ళు కూడా చూడండి. సుద్దలాంటి తెల్లమచ్చలు, పసుపు, గోధుమరంగు గీతలు ఉంటే ఆ నీళ్ళు వెంటనే మార్చాలి. పిల్లవాడి పళ్ళు ముందే చెబుతాయి, తండ్రి నడుము పాతికేళ్ళకి చెబుతుంది.

ఎండ సంగతి. మార్కాపురం ఎండ ఎలాంటిదో అక్కడి వాళ్ళకి చెప్పక్కర్లేదు. మార్చి నుంచి జూన్ దాకా ఉదయం ఎనిమిదిన్నరకల్లా ఇల్లు చేరండి. మిగతా నెలల్లోనూ పది దాటనివ్వకండి. దాహం వేసేదాకా ఆగకుండా గంటకి అరలీటరు పైగా కొంచెం కొంచెంగా తాగండి. అలాగని కడుపునిండా వట్టి నీళ్ళే పట్టించినా చెమటతో పోయిన ఉప్పు తిరిగిరాదు, తల తిరుగుతుంది. ఉప్పు వేసిన పలచని మజ్జిగ, లేదా లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు తలగొట్టి కలిపిన నీళ్ళు మంచివి. చక్కెర జబ్బువాళ్ళకి మజ్జిగే నయం. రక్తపోటుకి మూత్రం ఎక్కువ పోయించే మాత్రలు వాడేవారు ఎండలో తొక్కేముందు డాక్టరుని అడగాలి.

జేబులో ఉల్లిపాయ ఉంటే వడదెబ్బ తగలదని పెద్దలంటారు. ఉల్లిపాయ ఉండనివ్వండి, నష్టం లేదు. పక్కన నీళ్ళసీసా మాత్రం తప్పనిసరి. తోటివాడు తడబడుతూ మాట్లాడుతున్నా, తూలుతున్నా, ఒళ్ళు పెనంలా కాలుతున్నా అది వడదెబ్బే. నీడకి చేర్చి బట్టలు వదులుచేసి ఒంటినిండా నీళ్ళు పొయ్యండి, విసరండి, 108కి ఫోను చెయ్యండి. స్పృహలో లేనివాడి నోట్లో నీళ్ళు పొయ్యకూడదు.

కంభం బాగా అలవాటయ్యాక గిద్దలూరు దారి. బేస్తవారిపేట మీదుగా పోయే జాతీయ రహదారి ఇది. ఆ మండలంలోనే మోక్షగుండం ఉంది. ఇంజనీరు విశ్వేశ్వరయ్యగారి ఇంటిపేరులోని ఊరు ఇదే. లారీలు ఎక్కువ గనక రోడ్డు అంచునే పోవాలి. వెనకాల ఎర్ర అద్దమో దీపమో లేకుండా చీకట్లో బయలుదేరవద్దు. గిద్దలూరు దాటి దిగువమెట్ట వైపు మళ్ళితే అడవి మొదలవుతుంది. అక్కడినుంచి నంద్యాల వైపు ఘాటు. చూడటానికి ఎంత బాగుంటుందో గుండెకి అంత పరీక్ష.

నలభై దాటినవారు, అందులోనూ చక్కెర, రక్తపోటు, పొగతాగే అలవాటు ఏదైనా ఉన్నవారు ఘాటెక్కేముందు డాక్టరుకి చూపించుకోవాలి. ఎక్కేటప్పుడు ఛాతీ బిగబట్టినా, ఎడమచెయ్యో దవడో లాగినా, మామూలుకన్నా ఎక్కువ ఆయాసం, చలిచెమట పట్టినా ఆ క్షణమే దిగి కూర్చోండి. "ఇంకో మలుపేగా" అనుకోవద్దు. గ్యాసు నొప్పి అని సోడా తాగి మళ్ళీ ఎక్కవద్దు. దిగేటప్పుడు ప్రమాదం వేరు. బ్రేకు పట్టుకునే ఉంటే రబ్బర్లు వేడెక్కి పట్టు తప్పుతాయి. పట్టి వదిలి, పట్టి వదిలి దిగాలి. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టకూడదు. నెత్తిన హెల్మెట్ ఉండాలి.

చక్కెర జబ్బువాళ్ళు ఇన్సులిన్ గాని, కొన్ని రకాల మాత్రలు గాని వాడుతుంటే దారిలో చక్కెర పడిపోవచ్చు. చేతులు వణుకుతాయి, చెమట, గుండెదడ, కళ్ళు చీకట్లు. వెంటనే మూడు చెంచాల గ్లూకోజో పంచదారో నోట్లో వేసుకుని పావుగంట కూర్చోండి. పరగడుపున బయలుదేరకండి. రెండు ఇడ్లీలు తిని వెళ్ళండి. ఇంటికి వచ్చాక పాదాలు చూసుకోండి. బొబ్బ తెలియకుండానే పుండవుతుంది.

అడవిలో రోడ్డు దిగి పొదల్లోకి పోవద్దు. పాము కరిస్తే గాటు పెట్టటం, తాడు బిగించి కట్టటం, నోటితో పీల్చటం, మంత్రం వేయించటం అన్నీ కాలం వృథా. కరిచిన కాలు కదలకుండా ఉంచి, విషానికి విరుగుడు మందు ఉన్న పెద్దాసుపత్రికి చేర్చాలి. కుక్క కరిస్తే సబ్బూ ధారనీళ్ళతో పావుగంట కడిగి, ఆ రోజే సూది మందు మొదలుపెట్టాలి. కోతులు కనిపిస్తే తిండి సంచి విప్పకండి.

దోర్నాల మీంచి శ్రీశైలం పోవచ్చునా అని చాలామంది కుర్రాళ్ళు అడుగుతున్నారు. అది పెద్దపులుల అడవి. రాత్రిపూట వాహనాలు వదలరు. మలుపులు, బస్సులు, దారిలో ఆసుపత్రి లేదు. కుర్రాళ్ళు నలుగురైదుగురు కలిసి, పగటిపూట, వెనకాల ఒక జీపు పెట్టుకుని పోతే సరే. ఇది చదువుతున్న యాభై ఏళ్ళవారికి మాత్రం నా సలహా, శ్రీశైలం బస్సులోనే వెళ్ళండి.

ఆడవాళ్ళు తొక్కవచ్చునా అని అడిగేవారింకా ఉన్నారు. తమిళనాడు పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతోపాటే వేలాది పల్లె స్త్రీలు సైకిలు నేర్చుకుని నీళ్ళబిందెలు, పిల్లలు కట్టుకుని తిరిగారు. వాళ్ళకేమీ కాలేదు. ఎముకలు పలచబడే వయసు ఆడవాళ్ళకి ముందే వస్తుంది కనక, సైకిలుతోపాటు కొంత నడక కూడా ఉండాలి. సైకిలు గుండెకి మంచిదిగాని ఎముకకి నడిచినంత మేలు చెయ్యదు. చీర కొంగు, చుడీదారు చున్నీ చక్రంలో పడకుండా దోపుకోండి.

మాస్టారు పోయిన ఆదివారం తర్లుపాడు దాకా పోయి వచ్చారు. నడుము ఇంకా బిగుసుగానే ఉందట, కాని చక్కెర కొంచెం దిగింది. కండువాలకి వరండాలో తాడు కట్టించారు. ఆవిడ కూడా వస్తానంటోందట, ఇంకో సైకిలు కొనాలా అని అడిగారు. కొనమన్నాను. కంభం మాత్రం కార్తీకం రానిమ్మన్నాను.